అంతరిక్ష కేంద్రం దగ్గర ఆకర్షణ ఉండగా వ్యోమగామి ఎందుకు తేలుతాడు?

ప్రశ్న
భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని, ప్రకాశం జిల్లా

అందరికీ నమస్కారం. ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదకొండేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. గత వారం తొమ్మిదో తరగతిలో గురుత్వాకర్షణ పాఠం నడుస్తుండగా, 2025 జూన్‌లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన మన వ్యోమగామి శుభాంశు శుక్లా అక్కడ తేలుతూ కనిపించే వీడియో ఒకటి పిల్లలకు చూపించాను. అక్కడ మనిషికి బరువు ఉండదని, దానినే భారరహిత స్థితి అంటారని చెప్పి తరువాతి పేరాకు వెళ్లబోతుండగా, రెండో వరుసలోని ఒక అమ్మాయి లేచి అక్కడ జి (గురుత్వ త్వరణం) విలువ ఎంత ఉంటుందని అడిగింది. సూత్రం మీకు వచ్చు కదా, మీరే లెక్కగట్టండి అన్నాను. భూమి వ్యాసార్థం 6,400 కిలోమీటర్లు, కేంద్రం ఎత్తు సుమారు 400 కిలోమీటర్లు. 6,400ను 6,800తో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేసి, 9.8తో గుణిస్తే బోర్డు మీద 8.7 మీ/సె² వచ్చింది. అంటే ఇక్కడి ఆకర్షణలో నూటికి ఎనభై ఎనిమిది పాళ్లకు పైగా అక్కడా ఉంది. తరగతి అంతా నా వైపే చూసింది. పైకి వెళితే ఆకర్షణ ఉండదనే పిల్లల్లో చాలామంది అనుకుంటున్నారు. నేను చెప్పిన తీరు కూడా వారికి ఆ అభిప్రాయమే కలిగించిందని ఒప్పుకోవాలి.

నేను చదువుకున్న రోజుల్లో మాకు చెప్పిన సమాధానమే అప్పటికి చెప్పాను. కేంద్రం భూమి చుట్టూ తిరుగుతోంది కాబట్టి బయటికి నెట్టే అపకేంద్ర బలం పుడుతుంది, అది గురుత్వ బలాన్ని సరిగ్గా రద్దు చేస్తుంది, అందుకే వ్యోమగామి తేలుతాడు అన్నాను. మా పిల్లలు వాడే ఒక గైడులోనూ ఇదే వాక్యం ఉంది. ఆ అమ్మాయి మరునాడు తన సందేహాన్ని నోటుబుక్కులో రాసుకొని వచ్చింది. "టీచర్, లోపలికి లాగే బలమూ బయటికి నెట్టే బలమూ సమానమైతే ఫలిత బలం సున్నా అవుతుంది. ఫలిత బలం సున్నా అయితే న్యూటన్ మొదటి నియమం ప్రకారం వస్తువు సరళరేఖలో సమవేగంతో పోవాలి. మరి అంతరిక్ష కేంద్రం గుండ్రంగా ఎందుకు తిరుగుతోంది?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. తెలుసుకొని వచ్చే సోమవారం చెబుతానని మాట ఇచ్చాను. దానికి తోడు నాకే మరొక సందేహం మొదలైంది. భారం అంటే ద్రవ్యరాశి, జి విలువల లబ్ధం అని నిర్వచనం చెప్పేది మేమే. జి 8.7 ఉన్నచోట ఆ లబ్ధం సున్నా ఎలా అవుతుంది? తెలిసినవారు వివరంగా రాయండి. ఖర్చు లేకుండా పిల్లల చేత చేయించదగిన ప్రయోగం ఏదైనా ఉంటే అదీ చెప్పండి.


జవాబు
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, హనుమకొండ

టీచర్ గారూ, ఆ అమ్మాయి వాదనలో ఒక్క మెట్టు కూడా తప్పు లేదని ముందుగా ఆమెకు నా మాటగా చెప్పండి. నేల మీద నిలబడి చూసేవారి లెక్కలో అంతరిక్ష కేంద్రం మీద పనిచేసే బలం ఒక్కటే, అది భూమి ఆకర్షణ. దానికి ఎదురు నిలిచే బలం ఏదీ లేదు కాబట్టే కేంద్రం దారి క్షణక్షణం భూమి వైపు వంగుతోంది. నిజంగానే ఒక సమాన బలం దాన్ని బయటికి లాగుతూ ఉంటే, ఆ అమ్మాయి అన్నట్టు కేంద్రం తిన్నగా వెళ్లి భూమికి దూరమైపోయేది.

తేలడం ఎందుకో తెలియాలంటే మనం కూర్చున్న కుర్చీ దగ్గర నుంచి మొదలుపెట్టాలి. భూమి మనల్ని లాగుతున్న సంగతి మన ఒంటికి నేరుగా తెలియదు. ఆ లాగుడు తల వెంట్రుక నుంచి కాలి గోరు దాకా ప్రతి కణానికీ ఒకే త్వరణాన్ని ఇస్తుంది కనుక, దాని ఒక్కదాని వల్ల శరీరంలో ఒక భాగం మరొక భాగాన్ని నొక్కవలసిన అవసరం రాదు. మనకు తెలిసేది నేల మనల్ని పైకి నెట్టడం. అరికాళ్లను నేల నెడుతుంది, మడమలు మోకాళ్లను మోస్తాయి, మోకాళ్లు నడుమును, నడుము వెన్నును మోస్తాయి, చివరికి మెడ తలను మోస్తుంది. బరువు అని మనం అనుభవించేది ఈ మోతనే. బరువు చూసే మిషను కూడా ఆకర్షణను కొలవదు. మనల్ని నిలబెట్టడానికి తాను ఎంత బలంతో పైకి నెట్టవలసి వచ్చిందో దాన్నే అది చూపిస్తుంది. కాళ్ల కింద నేల లేకుండా పోతే ఆకర్షణ ఎక్కడికీ పోదు, మోత మాత్రం పోతుంది.

పల్లెల్లో ఈతబావిలోకి దూకిన వారందరికీ ఈ స్థితి అనుభవమే. గట్టు నుంచి నీళ్లు ఐదు మీటర్ల దిగువన ఉన్నాయనుకోండి. కాళ్లు గట్టును వదిలినప్పటి నుంచి నీటిని తాకే వరకు ఇంచుమించు ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో కడుపులోని పేగులు పైకి లేచినట్లు అనిపిస్తుంది. వాటిని ఎవరూ పైకి లేపలేదు. అంతవరకు ఒకదాని మీద ఒకటి ఆనుకొని ఉన్న అవయవాలకు ఆ ఆనిక పోయింది, అంతే. అప్పుడు కూడా భూమి ఆ పిల్లవాడిని పూర్తి బలంతో లాగుతూనే ఉంది. శుక్లా కేంద్రంలో గడిపిన పద్దెనిమిది రోజులూ ఆ ఒక్క సెకను ఎడతెగకుండా సాగినట్లే.

ఎత్తు వల్ల బరువు పోదని నమ్మించడానికి నేను తరగతిలో ఒక ఊహ చెప్పేవాడిని. నేల నుంచి 400 కిలోమీటర్ల ఎత్తున ఒక గోపురం కట్టి, దాని శిఖరం మీద బరువు చూసే మిషను పెట్టి, ఇక్కడ 60 కిలోలు తూగే మనిషిని దాని మీద నిలబెట్టామనుకుందాం. మిషను 53 కిలోలు చూపిస్తుంది. ఆయన తేలడు, గోపురం మీద మామూలుగానే నడుస్తాడు. ఆయన పక్క నుంచే అంతరిక్ష కేంద్రం దూసుకుపోతుంటే దాని లోపలివారు తేలుతూ కనిపిస్తారు. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఇద్దరి మీదా ఒకే జి. తేడా అంతా ఒకరి కాళ్ల కింద గోపురం ఉండటంలో, మరొకరి కాళ్ల కింద ఉన్న నేల కూడా వారితో పాటే పడిపోతుండటంలో ఉంది.

ఇక్కడ పిల్లలు తప్పకుండా అడుగుతారు, పడిపోతూ ఉంటే కేంద్రం నేలకు ఎందుకు తగలదని. ఎత్తైన కొండ కొమ్మున అడ్డంగా పేల్చిన ఫిరంగి గుండును న్యూటన్ ఊహించుకున్నది ఇందుకే. చేతి నుంచి జారిన రాయి మొదటి సెకనులో 4.9 మీటర్లు పడుతుంది; అడ్డంగా విసిరినా, ఎంత వేగంగా విసిరినా ఆ సెకనులో పడేది అంతే. కానీ భూమి బల్లపరుపుగా లేదు. ఉన్నచోట నుంచి తిన్నగా 7.9 కిలోమీటర్లు వెళితే, అక్కడికి నేల కూడా 4.9 మీటర్లు కిందికి వంగి ఉంటుంది. అందువల్ల గాలి అడ్డు లేని చోట సెకనుకు 7.9 కిలోమీటర్ల వేగంతో పోయే గుండు ప్రతి సెకనూ 4.9 మీటర్లు పడుతూనే ఉంటుంది, నేల కూడా అంతే దూరం దిగిపోతూ ఉంటుంది, గుండు నేలను ఎన్నటికీ అందుకోదు. 400 కిలోమీటర్ల ఎత్తున ఈ వేగం సుమారు 7.7 కిలోమీటర్లు, భూమిని ఒకసారి చుట్టడానికి పట్టే కాలం 92 నిమిషాలకు కొంచెం పైన.

చందమామ లెక్క కూడా పిల్లల చేత చేయించండి, అది నాకు నలభై ఏళ్లుగా ఇష్టమైన లెక్క. చంద్రుడు భూమి కేంద్రం నుంచి 60 భూవ్యాసార్థాల దూరంలో ఉన్నాడు కనుక అక్కడ త్వరణం ఇక్కడి దానిలో 3,600వ వంతు. చెట్టు నుంచి జారిన కాయ ఒక సెకనులో ఎంత పడుతుందో, చంద్రుడు ఒక నిమిషంలో సరిగ్గా అంతే, 4.9 మీటర్లు, భూమి వైపు పడతాడు. పడే దూరం కాలం వర్గాన్ని బట్టి పెరుగుతుంది; నిమిషంలో 60 సెకన్లు ఉన్నాయి, 60 వర్గం 3,600, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కాయను లాగే బలమే చంద్రుడిని కూడా లాగుతోందని చెప్పడానికి న్యూటన్‌కు దొరికిన ఆధారం ఇదే.

ఇక ప్రయోగం సంగతి. ఒక లీటరు నీళ్ల సీసా అడుగుకు దగ్గరగా, పక్కన, కాల్చిన దబ్బనంతో బెజ్జం వేసి, నీళ్లు నింపి, మూత తీసి పట్టుకుంటే సన్నని ధార వస్తుంది. అలాగే మేడ మీద నుంచి దాన్ని వదిలేయండి. పడుతున్నంతసేపూ ధార ఆగిపోతుంది. పై నీరు కింది నీటిని నొక్కితేనే ధార వచ్చేది. అన్నీ కలిసి పడుతున్నప్పుడు ఎవరి మీదా ఎవరి మోతా ఉండదు. బడిలో చేసేటప్పుడు కింద ఎవరూ నిలబడకుండా చూసుకోండి.


జవాబు
ప్రవేశ పరీక్షల శిక్షకుడు, విజయవాడ

మాస్టారి వివరణతో నాకు పేచీ లేదు గానీ, దాన్ని చదివినవారు అపకేంద్ర బలం అన్న మాటే తప్పని అనుకునే ప్రమాదం ఉంది, అందుకని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. టీచర్ గారు చెప్పిన సమాధానంలోని లోపం ఆ బలం పేరు ఎత్తడంలో లేదు, ఎవరి లెక్కలో అది ఉందో చెప్పకపోవడంలో ఉంది.

కేంద్రంతో పాటు తిరుగుతున్న చట్రంలో (చట్రం అంటే మనం ఎక్కడ నిలబడి చూస్తున్నామో ఆ చోటు) కూర్చొని చూద్దాం. 60 కిలోల వ్యోమగామిని భూమి 521 న్యూటన్ల బలంతో లాగుతోంది. ఆ చట్రం తిరుగుతున్న చట్రం కాబట్టి న్యూటన్ నియమాలు అందులో పనిచేయాలంటే బయటి వైపు ఒక మిథ్యా బలాన్ని, అంటే లెక్క కోసం ఊహించుకునే బలాన్ని, చేర్చుకోవాలి. అదే అపకేంద్ర బలం. దాన్ని లెక్కగడితే అదీ 521 న్యూటన్లే వస్తుంది. ఫలిత బలం సున్నా. అయితే ఆ చట్రంలో వ్యోమగామి తిరగడం లేదు, కదలకుండా ఉన్నాడు! బలం సున్నా, కదలికా లేదు, మొదటి నియమం నిక్షేపంగా నిలిచింది. ఆ అమ్మాయికి వచ్చిన చిక్కు ఏమిటంటే, సమాధానం చెప్పినవారు బలాలను లోపలి చట్రం నుంచి తీసుకున్నారు, వంపు తిరిగే దారిని బయటి చట్రం నుంచి తీసుకున్నారు. రెండు లెక్కలనూ కలిపితే ఎవరికైనా ఈ వైరుధ్యమే ఎదురవుతుంది. మా విద్యార్థులకు నేను ఒక నియమం పెట్టాను: బలాల పటం గీసే ముందు, ఎక్కడ నిలబడి చూస్తున్నామో కాగితం పై అంచున రాయాలి. రాయని వారికి, సమాధానం సరైనదే వచ్చినా, మార్కు తగ్గిస్తాను.

భారం నిర్వచనం గురించి. తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ 1901లో భారాన్ని ద్రవ్యరాశి, గురుత్వ త్వరణాల లబ్ధంగానే నిర్వచించింది. ఆ అర్థంలో కక్ష్యలోని వ్యోమగామి భారం 521 న్యూటన్లు, సున్నా కాదు. మిషను చూపేదాన్ని దృశ్య భారం అంటాము, అది సున్నా. భారరహిత స్థితి అన్న మాటలోని భారం ఈ రెండోది. పరీక్షలో ఏది అడిగారో చూసి రాయాలి. తరగతిలో మాత్రం రెండు పేర్లనూ మొదటి రోజే విడదీసి చెప్పడం మంచిది.


జవాబు
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, హనుమకొండ

చట్రాలను కలపకూడదన్న మాట బంగారం లాంటి మాట, దానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయినా తొమ్మిదో తరగతిలో అపకేంద్ర బలంతో మొదలుపెట్టవద్దనే నా అభిప్రాయం, అందుకు కారణం ఉంది. ఈతబావిలోకి దూకిన పిల్లవాడు దేని చుట్టూ తిరగడం లేదు. తిన్నగా కిందికి పడుతున్నాడు. అతనికీ బరువు తెలియడం లేదు. తిరగడమే కారణమైతే అతనికి ఆ అనుభవం రాకూడదు. కాబట్టి తేలడానికి మూలం తిరుగుడు కాదు, ఆధారం లేకుండా పడటం. తిరగడం ఆ పతనాన్ని నేలకు తగలకుండా కొనసాగించే ఏర్పాటు మాత్రమే.

స్విట్జర్లాండ్‌లోని పేటెంట్ కార్యాలయంలో పనిచేస్తున్న ఐన్‌స్టీన్‌కు 1907లో తట్టినది కూడా ఈ సంగతే. స్వేచ్ఛగా పడుతున్న మనిషికి తన బరువు తెలియదన్న ఆలోచనను ఆయన తన జీవితంలోకెల్లా ఆనందకరమైన ఆలోచనగా తరువాత చెప్పుకున్నారు. అందరూ బాల్యంలో అనుభవించి వదిలేసిన విషయం మీద ఆయన ఆగి నిలబడ్డారు, సాధారణ సాపేక్షతా సిద్ధాంతానికి దారి అక్కడి నుంచే మొదలైంది.


జవాబు
లిఫ్టుల నిర్వహణ సాంకేతికుడు, హైదరాబాద్

నేను పాఠాలు చెప్పేవాడిని కాను, లిఫ్టుల నిర్వహణలో పనిచేస్తాను. పిల్లలకు ఉపయోగపడుతుందని నా అనుభవం రాస్తున్నాను. ముల్లు తిరిగే రకం బరువు మిషను ఒకటి లిఫ్టులో పెట్టి దాని మీద నిలబడితే, మాస్టారు చెప్పిన మోత పెరగడం, తగ్గడం కంటికి కనిపిస్తుంది. అంకెలు చూపే మిషన్లు పనికిరావు, అవి బరువు నిలకడగా ఉన్నప్పుడు చదివిన అంకెను పట్టి ఉంచుతాయి. అపార్ట్‌మెంట్లలోని లిఫ్టు బయలుదేరేటప్పుడు త్వరణం ఇంచుమించు 1 మీ/సె² ఉంటుంది. 60 కిలోల మనిషి పైకి బయలుదేరినప్పుడు ముల్లు క్షణం పాటు 66 దగ్గరికి పోతుంది, తరువాత ఏ వేగంతో పోతున్నా 60 దగ్గరే నిలబడుతుంది, పై అంతస్తులో ఆగబోయేటప్పుడు 54కు జారుతుంది. కిందికి బయలుదేరితే ముందు 54, ఆగేటప్పుడు 66. వేగానికీ ముల్లుకూ సంబంధం లేదని, వేగం మారడానికే సంబంధమని మా అబ్బాయికి దీనితోనే అర్థమైంది.

ఒక విన్నపం. పుస్తకాలలో తాడు తెగిన లిఫ్టు అని ఉదాహరణ ఇస్తారు. లెక్కకు అది సరైనదే గానీ, దాన్ని విన్న పిల్లలు లిఫ్టు ఎక్కడానికి భయపడటం చూశాను. నిజానికి లిఫ్టును మోసేది ఒక్క తాడు కాదు, చాలా చోట్ల నాలుగైదు ఉక్కు తాళ్లు ఉంటాయి. అవన్నీ పోయినా, వేగం హద్దు దాటగానే గవర్నర్ అనే వేగ నియంత్రణ పరికరం పనిచేసి, గది కింద ఉన్న దవడలు రెండు పక్కలా ఉన్న పట్టాలను గట్టిగా పట్టేస్తాయి. 1854లో న్యూయార్క్‌లోని ఒక ప్రదర్శనశాలలో ఎలీషా ఓటిస్ తాను నిలబడిన వేదిక తాడును జనం ముందే నరికించి, అది కొద్దిగా జారి ఆగిపోవడం చూపించాడు. ఈ సంగతి కూడా ఉదాహరణతో పాటే చెప్పమని ఉపాధ్యాయులను కోరుతున్నాను.


ప్రశ్న అడిగినవారి జవాబు
భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని, ప్రకాశం జిల్లా

అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. సోమవారం పాఠాన్ని మాస్టారు చెప్పిన వరుసలోనే చెప్పాను, చట్రం పేరు కాగితం మీద రాయించే అలవాటును విజయవాడ సార్ నుంచి తీసుకున్నాను. సీసా ప్రయోగం మంగళవారం చేశాము. మా బడి మొదటి అంతస్తు వరండా నేలకు నాలుగు మీటర్ల ఎత్తున ఉంటుంది, పడటానికి 0.9 సెకన్లు పడుతుందని పిల్లలు ముందే లెక్కగట్టారు. తోటి ఉపాధ్యాయుడి ఫోనులో సెకనుకు 240 చిత్రాలు తీసే సదుపాయం ఉంది. నీళ్లలో కాస్త నీలిమందు కలిపాము, ధార స్పష్టంగా కనబడాలని.

మొదటిసారి వదిలినప్పుడు సీసా చేతిలో నుంచి వంకరగా జారి తిరిగిపోయింది, ఏమీ కనిపించలేదు. రెండోసారి మెడ దగ్గర రెండు వేళ్లతో పట్టుకొని వదిలాము. ఫోనులో నెమ్మదిగా చూస్తే, వేళ్లు విడివడిన మరుక్షణం నుంచి బెజ్జం దగ్గర కొత్త నీరు రావడం ఆగిపోయింది, అంతకు ముందు వచ్చిన ధార ఒక నీలం ముక్కగా సీసా పక్కనే, దానితో సమానంగా కిందికి వస్తోంది. సీసా నేలను తాకాక ఒక్కసారిగా నీరంతా చిమ్మింది. పిల్లలు ఆ భాగాన్ని ఆరేడుసార్లు మళ్లీ మళ్లీ పెట్టించుకొని చూశారు.

ప్రశ్న అడిగిన అమ్మాయి అక్కడితో ఆగలేదు. సీసాను పైకి విసిరితే ధార ఎప్పుడు ఆగుతుందని అడిగింది. పై కొస చేరినప్పుడు ఆగుతుందని సగం తరగతి, కిందికి రావడం మొదలుపెట్టాక ఆగుతుందని మిగతా సగం చేతులు ఎత్తారు. నేను కూడా లోలోపల పై కొస దగ్గరే అనుకున్నాను. మైదానంలో విసిరి చూస్తే, సీసా చేతిని వదిలిన క్షణం నుంచే, అంటే ఇంకా పైకి పోతుండగానే, ధార లేదు. ఆ అమ్మాయి చాలాసేపు ఆలోచించి, "పైకి పోతున్నప్పుడు కూడా అది పడుతున్నట్లేనా టీచర్?" అంది. చేయి వదిలాక దాని మీద ఉన్నది భూమి బలం ఒక్కటే కదా, కాబట్టి అవునని చెప్పాను. సరిగానే చెప్పానా?

మరొక అబ్బాయి సందేహం కూడా ఉంది. చెరువులో వెల్లకిలా తేలినప్పుడు కూడా ఒళ్లు బరువు తెలియదు కదా, అది కూడా భారరహిత స్థితేనా అని అడిగాడు. రెండూ వేరని చెప్పాను గానీ, ఎందుకు వేరో వాడికి తృప్తి కలిగేలా చెప్పలేకపోయాను.


జవాబు
సూళ్లూరుపేట వాసి

టీచర్ గారూ, మీరు సరిగానే చెప్పారు. మా ఊరి నుంచి శ్రీహరికోట దగ్గరే కాబట్టి అక్కడి ఉదాహరణే ఇస్తాను. ఇస్రో వారి రోహిణి శ్రేణిలో ఆర్‌హెచ్-560 అనే సౌండింగ్ రాకెట్ ఉంది. అది 400 కిలోమీటర్లకు పైగా, అంటే అంతరిక్ష కేంద్రం ఉన్న ఎత్తు వరకు వెళ్లగలదు. కానీ అక్కడ నిలవదు, వెళ్లిన దారి వంపులోనే తిరిగి బంగాళాఖాతంలో పడుతుంది. ఎత్తు ఒక్కటే చాలదని, అడ్డంగా సెకనుకు 7.7 కిలోమీటర్ల వేగం కావాలని దీనితో తేలిపోతుంది. ఇంధనం మండటం ఆగిపోయి, గాలి పొర దాటిన దగ్గర నుంచి ఆ రాకెట్ మీ పిల్లలు విసిరిన సీసా లాంటిదే. ఇంకా వందల కిలోమీటర్లు పైకి పోవలసి ఉన్నా, దాని లోపలి పరికరాలకు బరువు అప్పటికే పోయి ఉంటుంది. మళ్లీ గాలి పొరలో ప్రవేశించే వరకు ఆ కొద్ది నిమిషాలూ అదే స్థితి. ఎక్కువ కాలం కావలసి వస్తే కక్ష్యే గతి. 2007 జనవరి 10న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ7 రాకెట్ మీద వెళ్లిన ఎస్ఆర్ఈ-1 అనే గుళిక, భారరహిత స్థితిలో చేసే ప్రయోగాలు రెండు మోసుకొని, పన్నెండు రోజులు కక్ష్యలో తిరిగి, ఆ తరువాత వచ్చి సముద్రంలో దిగింది.

సీసాలో ధార ఆగిందంటే దాని వెనుక ఇంకా చాలా ఉంది. పై పొర కింది పొరను నొక్కకపోతే నీటిలో అడుగుకూ పైకీ పీడన భేదం ఉండదు, ఆ భేదం లేకపోతే తేలిక వస్తువును పైకి నెట్టే ఉత్ప్లవన బలం ఉండదు. గాలికీ ఇదే వర్తిస్తుంది. కక్ష్యలో వేడి గాలి పైకి లేవదు, అందుకే అక్కడ వెలిగించిన దీపశిఖ కొసదేలి నిలబడకుండా చిన్న నీలం బంతిలా ఉంటుంది. నిద్రపోయే వ్యోమగామి వదిలిన ఊపిరి కూడా ముఖం చుట్టూనే గుమిగూడుతుంది కాబట్టి అక్కడ ఫ్యాను గాలి ఆడుతూ ఉండాలి. జర్మనీలోని బ్రెమెన్ నగరంలో 110 మీటర్ల దూరం వస్తువులను పడేసి, 4.7 సెకన్ల పాటు ఇలాంటి విషయాలను పరిశీలించే ఎత్తైన గోపురం ఉంది. మీ వరండా ప్రయోగం పద్ధతిలో దానికి తమ్ముడే.

ఇప్పుడు చెరువులో తేలే అబ్బాయి సందేహం. నీళ్లు అతన్ని మోస్తున్నాయి, మోత పోలేదు. నేల అయితే మడమల దగ్గర, వీపు దగ్గర గట్టిగా నెడుతుంది. నీరు ఒంటి చుట్టూ పరచుకొని మెత్తగా నెడుతుంది, అందుకే బరువు తెలియదు. అయితే నీరు నెట్టేది చర్మాన్ని. చర్మం లోపల కాలేయం తన కింది పేగుల మీద ఎప్పటిలాగే ఆనుకొని ఉంటుంది, తలకిందులుగా మునిగితే నెత్తురు తలకు దిగుతుంది. వ్యోమగాములు పెద్ద కొలనుల్లో దుస్తులు తొడుక్కొని సాధన చేస్తారు, పనిముట్లు పట్టుకోవడం, పట్టు లేనిచోట ఒంటిని తిప్పుకోవడం నేర్చుకోవడానికి అది బాగా పనికొస్తుంది, కానీ వారి లోపలి చెవికి మాత్రం అది నేల మీద ఉన్నట్లే. మన లోపలి చెవిలో సున్నపు పదార్థంతో తయారైన సన్నని రేణువులు ఉంటాయి. అవి తమ కింది సున్నితమైన రోమాల మీద ఏ వైపు ఒరిగితే అదే కింది దిక్కని మెదడు గ్రహిస్తుంది. చెరువులో ఆ రేణువులు ఎప్పటిలాగే ఒరుగుతాయి. కక్ష్యలో అవి దేని మీదా ఆనవు, అందువల్లే మొదటి కొన్ని రోజులు చాలామంది వ్యోమగాములకు కడుపులో తిప్పినట్లు ఉంటుంది. ఆ అబ్బాయిని, తోడుగా పెద్దలు ఉన్నప్పుడు, నీళ్లలో కళ్లు మూసుకొని ఒక గిరికీ కొట్టి ఏది పైనో ఏది కిందో చెప్పమనండి. చెప్పగలడు. కక్ష్యలో కళ్లు మూసుకున్నవారు చెప్పలేరు.